వంగని కొస

దమయంతి టీచరుకి ఒక అలవాటు ఉంది. కోపంతో అడిగిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పదు, పని చెబుతుంది. పని అయ్యాక కూడా కోపం మిగిలితే అది పనికొచ్చే కోపమని ఆమె నమ్మకం. పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఇంజన్ల పాఠాలు చెప్పి, ఉద్యోగం ముగిశాక కొండమీది లువ్వలబందకు వచ్చి ఉండిపోయిన మనిషి ఆమె. అక్కడివాళ్ళ చేత సంఘం పెట్టించింది, కుర్రాళ్ళకు అర్జీలు రాయడం నేర్పింది.

ఆ రోజు వంతాల కామేశు ఆమె అరుగు ముందు నిలబడి అడిగిన ప్రశ్న అలాంటి కోపంలోంచి వచ్చినదే.

"సర్దుకుపోవడమంటే లొంగిపోవడం కాదా టీచర్? రోడ్డు కోసం పొలాల్లో దారిచ్చాం. పనస చెట్లు కొట్టుకోమన్నాం. రాళ్ళు మేమే మోస్తామన్నాం. ఆ రోడ్ల ఇంజనీరు ఏమిచ్చాడు? పోరాడమనాల్సిన మీరే సర్దుకోండంటే ఎలా?"

కామేశు చదువుకున్నవాడు. కరపత్రాల్లోని వాక్యాలు అతని నోట సొంత మాటల్లా వచ్చేవి. అన్నిటిలోకీ అతనికి ఇష్టమైనది 'అంగుళం కూడా వెనక్కి తగ్గం' అన్నది. అయితే కోపం మాత్రం కరపత్రాల్లోంచి తెచ్చుకున్నది కాదు, ఇంట్లో పుట్టింది. తారురోడ్డు ఊరి దిగువన పారే గెడ్డకు అవతలే ఆగిపోతుంది, అంబులెన్సూ అక్కడే ఆగిపోతుంది. కిందటి వానల్లో పెద్దన్న భార్యను డోలీలో మోసుకెళ్తుంటే గెడ్డ నడిమధ్యలోనే ప్రాణం పోయింది. ఇప్పుడు అక్క చిలకమ్మకు నెలలు నిండాయి. రోడ్డుకు ఎన్ని శంకుస్థాపనలు జరిగినా ప్రతిసారీ పగిలింది కొబ్బరికాయే, గెడ్డలో ఒక్క బండరాయీ పగల్లేదు. ఫోటోలు మాత్రం పేపర్లో పడ్డాయి.

ప్రభుత్వం రాళ్ళు తీయకపోతే రాళ్ళ మీదుగా పోదామని సంఘం ఒక పాత పికప్పు బండి కొని, బండి అడుగు రాళ్ళకు తగలకుండా దాన్ని ఎత్తు లేపించింది. లేపిన రోజు నుంచీ బండి కటకటలాడుతోంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసే పొడుగాటి ఇనుప గొట్టాన్ని షాఫ్టు అంటారు. దానికి పైకొసన ఒకటి, కిందికొసన ఒకటి, మోకాలిలా వంగే జాయింట్లుంటాయి. బండి లేచేసరికి షాఫ్టు బాగా ఏటవాలైపోయి, ఆ రెండూ శక్తికి మించి వంగాయి.

"నీ ప్రశ్న ఎక్కడికీ పోదులే," అంది టీచరు. "ముందు ఆ షాఫ్టు సంగతి తేల్చుకు రా. అక్క ఎక్కాల్సిన బండి అది."

కామేశు, డ్రైవరు పాంగి సన్యాసి కలిసి బండిని కింద ఊరి షెడ్డుకు తీసుకెళ్ళారు. షెడ్డు జలీల్ బండి కింద దూరి చూసి రెండు దారులు చెప్పాడు. "ఎత్తు రెండు వేళ్ళు దించి, షాఫ్టు కాస్త పొడిగిస్తా. రెండు జాయింట్లూ వంగుతాయి, తట్టుకునేంతే వంగుతాయి. లేదంటే ఇరుసుకీ, కుదుపులు మోసే కమాన్‌కట్టకీ మధ్య ఏటవాలు ఇనుప బిళ్ళ పెట్టి, ఇరుసు ముక్కు పైకెత్తి షాఫ్టుకేసి తిప్పేస్తా. కింది జాయింటుకి వంపే ఉండదు. చానామంది అదే చేయించుకుంటారు."

"దించడం కుదరదు," అన్నాడు కామేశు. "అంగుళం కూడా దిగేది లేదు. ఒక్క కొసైనా వంగకుండా ఉండాలి. బిళ్ళే పెట్టు."

సన్యాసి నవ్వాపుకోలేకపోయాడు. "ఏటి కామేసూ, బండిని కూడా సంగంలో చేర్చీసావేటి? రేపు అది కూడా జెండా అట్టుకుంతాదా?"

"నవ్వు, నవ్వు. నీలాంటోళ్ళు నవ్వబట్టే వాళ్ళు మన నెత్తికెక్కారు."

"నాను నడిపే బండి బాబూ, నవ్వే అక్కు నాకుంది."

బండి కొండెక్కి వచ్చింది. కటకట ఆగలేదు. టీచరు వంగి బిళ్ళను చూసింది. "చిలకమ్మ కంటే ముందు బియ్యం బస్తాలు ఎక్కించండి," అని, తానే ముందు సీట్లో కూర్చుంది.

గెడ్డ దాటడం బాగానే దాటింది. అవతలి ఒడ్డు ఎక్కుతుంటే బండి జ్వరమొచ్చినట్టు వణికింది. కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ వినిపించింది. షాఫ్టు ఊడి రాళ్ళ మీద పడింది. సన్యాసి బ్రేకు తొక్కిపట్టి, బూతులు మింగి, చక్రాల కింద రాళ్ళు పెట్టమని అరిచాడు. కామేశు దూకి రాళ్ళు దొర్లించాడు. బస్తాలున్న చోట అతనికి అక్క కనిపించింది.

"కింద దూరి చూడు," అంది టీచరు. "ఏది విరిగింది?"

"పైజాయింటు."

"కిందిది?"

"దానికేం? గీత కూడా పడలేదు."

"పడదు. బిళ్ళ పెట్టి దాన్ని సుఖంగా కూర్చోబెట్టావుగా."

వంగిన జాయింటు తిరిగినప్పుడు షాఫ్టు వేగం తడబడుతుంది. రెండో జాయింటు కూడా అంతే వంగితే ఆ తడబాటు సర్దుకుంటుంది. అది వంగకుండా కూర్చుంటే దెబ్బంతా వంగినదాని మీదే పడుతుంది. ఇది మాత్రం టీచరు పాఠంలాగే చెప్పింది.  బండిని షెడ్డుకు లాగించాక కామేశు బిళ్ళను తన చేత్తోనే ఊడదీశాడు. కొత్త జాయింటు వేసి, షాఫ్టు పొడిగించి, జలీల్ బండిని రెండు వేళ్ళు దించుతుంటే పళ్ళు బిగించి చూశాడు. మళ్ళీ బస్తాలతో గెడ్డ దాటించి చూశారు. బండి వణకలేదు. రాళ్ళూ తగల్లేదు.

చిలకమ్మకు నొప్పులొచ్చిన రోజు ఆ బండే ఆమెను గెడ్డ దాటించింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కామేశు వరండాలో టీచరు పక్కన కూర్చుని మేనకోడలి గుప్పిట విప్పి చూస్తూ ఉండగా, ఇంజనీరు ఆఫీసుకు రోడ్డు కబురు కోసం వెళ్ళిన సన్యాసి తిరిగొచ్చాడు. ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"మీ బండి దాటుతోందంట కదా, మరి రోడ్డుకి తొందరేటి అన్నాడు. ఈ యేటికి మన రోడ్డు డబ్బులు ఇంకో పనికి మళ్ళించీసాడంట."

కామేశు పిల్లను అక్క పక్కన పడుకోబెట్టి వచ్చాడు. అతని గొంతు లేవలేదు. అలా లేవకపోవడం చూసి సన్యాసికి భయం వేసింది.

"విన్నారా టీచర్? డోలీలో చచ్చినప్పుడు బడ్జెట్టు లేదన్నాడు. బతికి దాటితే రోడ్డే అక్కర్లేదంటున్నాడు. మా వదిన చావు వాడికి చాల్లేదు, మా మేనకోడలి పుట్టుక వాడికి సాకైంది. చెప్పండి, ఇంకా ఎంత సర్దుకోవాలి?"

ఒక్క కరపత్రం మాట కూడా అందులో లేదు. టీచరు లేచి చెప్పులు వేసుకుంది.

"ఆ ఇంజనీరు కింద కూడా ఎవరో బిళ్ళ పెట్టి, వంగకుండా కూర్చోబెట్టారురా," అంది. "పద, తీద్దాం."