పైనా కిందా ఒకటే ఉంటే కొట్టెయ్

తెలివంటే మా ఇంటి నుంచే ఊరంతా అప్పు తీసుకోవాలి. లెక్కల పరీక్షని మా అంత శ్రద్ధగా జిల్లాలో ఎవరూ రాయలేదు. నేనూ, మా అన్నయ్య సన్యాసినాయుడూ ఒకే పరీక్షని ఇప్పటికే రెండేసి సార్లు రాశాం మరి!

మూడోసారికి నాన్న తేల్చేశాడు. "ఈసారి తప్పినవాడు కాలేజీ మానేసి మన బెల్లం పొయ్యి దగ్గర మంటేసుకోవాలి."

ఇంకేముంది, అమ్మ పరుగున వెళ్ళి లెక్కలు చెప్పే వరహాలు మాస్టార్ని తీసుకొచ్చింది. ఆయన మా పాత పేపర్లు చూసి తల పట్టుకున్నారు.

"డెరివేటివ్‌లు వచ్చురా మీకు. రానివి కూడికలూ కొట్టివేతలూ! పైనా కిందా ఒకటే ఉంటే ముందు కొట్టెయ్యండి. తర్వాతే డెరివేటివ్."

అంతే. పైన ఎక్స్ స్క్వేర్ ప్లస్ మూడు ఎక్స్, కింద ఎక్స్ ఇచ్చారు. అన్నయ్య మూడు పక్కనున్న ఎక్స్‌నీ, కింది ఎక్స్‌నీ కొట్టేశాడు. ఎక్స్ స్క్వేర్ జోలికి పోలేదు.

"దాన్నెందుకు వదిలేశావురా?"

"పెద్దది కదండీ. మర్యాదగా ఉండదని."

"కింది ఎక్స్ పైనున్న ఇద్దర్నీ భాగించాలిరా నాయనా! ఇంకోటి. మైనస్ తర్వాత బ్రాకెట్ వెయ్యకపోతే అది మొదటివాడికే తగుల్తుంది, వెనకవాళ్ళు తప్పించుకుంటారు."

ఆ మాట అమ్మ విన్నది. ఇంకేముంది, ముగ్గుపిండి తెచ్చి మాకు అటొకటి ఇటొకటి బ్రాకెట్ గీసేసింది. "ఇప్పుడు తప్పించుకోండి చూద్దాం! మాస్టారూ, మీరు కాస్త పక్కకి జరగండి. ముందు నిలబడితే మైనస్ అయిపోతారు."

మాస్టారు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. మేం మాత్రం వారం రోజులు అన్నం కూడా ఆ బ్రాకెట్‌లోనే తిన్నాం. బయటికొస్తే గుర్తు మారిపోతామని అన్నయ్య భయం.

పరీక్ష అదిరిపోయింది. ఇచ్చిన లెక్కలన్నీ చేశాం. తీరా ఫలితాలొస్తే, అన్నయ్యకి 'గైర్హాజరు' అని పడింది.

"పరీక్షకెళ్ళకుండా ఎక్కడ తిరిగావురా?" అని నాన్న అరిచాడు.

"వెళ్ళాను నాన్నా! జవాబు పత్రం అట్ట మీద హాల్ టికెట్ నంబరు పైనొకసారీ, కిందొకసారీ రాయమన్నారు. రెండూ ఒకటే కదా... కొట్టేశాను."

అంతే. నాన్న నెత్తి కొట్టుకున్నాడు. అమ్మ మాత్రం, "మాస్టారు చెప్పినట్టే చేశాడుగా, పాపం," అంది.

ఇంతదాకా వచ్చాక ఇక దాచడం దేనికి? ఆ నంబరు కొట్టేసిందీ, గైర్హాజరు పడిందీ అన్నయ్య కాదు, నేనే. మాస్టారు చెప్పింది మర్చిపోయి వాడు పాసయ్యాడు. నేను ఇదంతా బెల్లం పొయ్యి దగ్గర, చెరుకు పిప్పి మీద కూర్చుని రాస్తున్నాను.