మగనోము గట్టు మహిమ

తుంగభద్ర ఒడ్డున, రేవు దాటిన తరువాత కనిపించే నల్లరాతి గుట్టనే మగనోము గట్టు అంటారు. గట్టుపైన తుంగమ్మ తల్లి తూర్పు ముఖంగా వెలసి ఉన్నది. నోములు ఆడవారివి కదా, ఈ పేరేమిటని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతుంటారు.

పూర్వం ఈ రేవులో సుంకన్న అనే అతడు జనాన్ని నది దాటించే పుట్టి నడిపేవాడు. అతని భార్య మద్దమ్మ. పెండ్లయి ఏండ్లు గడిచినా వారికి సంతానం కలుగలేదు. దంపతులు కలిసినప్పుడు సుంకన్నకు వీర్యస్ఖలనం జరిగేది కాదు. నిద్రలో మాత్రం అప్పుడప్పుడు జరిగేది. ఇది రోగమో శాపమో అతనికి అంతుపట్టలేదు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. మగడు ఎందుకు అలసిపోయి ముఖం తిప్పుకుంటాడో మద్దమ్మకూ బోధపడలేదు. అత్త గిడ్డమ్మ మాత్రం కోడలిచేత ఉపవాసాలూ నోములూ చేయిస్తూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం పుట్టిలో కునుకు పట్టిన సుంకన్నకు తుంగమ్మ తల్లి కలలో కనిపించి, "నోము పట్టాల్సినవాళ్ళు ఇంకా పట్టలేదు నాయనా" అని పలికింది. ఎవరు పట్టాలో చెప్పలేదు. అతడు అయోమయంలో పడి కల సంగతి ఇంట్లో చెప్పాడు. అది తననే అనుకొని గిడ్డమ్మ నోము పట్టింది, ఫలం లేదు. మద్దమ్మే మళ్ళీ పట్టాలన్నారు. తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తూ ఆమె గట్టు మీదనే సొమ్మసిల్లింది. సుంకన్న పరుగున వచ్చి ముఖాన నీళ్ళు చల్లాడు.

ఆమె కళ్ళు తెరిచి, "ఇంక ఏ దేవత దగ్గరికి పొమ్మంటావో చెప్పయ్యా, పోతా. నా తప్పేందో అది కూడా చెప్పు" అన్నది.

సుంకన్న తాళలేకపోయాడు. "తప్పు నీది కాదు. మనం కలిసినప్పుడు నాకు వీర్యం పడదు. ఎందుకో నాకే తెలీదు."

మద్దమ్మ లేచి కూర్చున్నది. "ఇన్నేండ్లూ నేనంటే నీకు మనసు లేదేమో అనుకుంటి" అని ఏడ్చింది.

సుంకన్న నదిలో మునిగి వచ్చి మిగిలిన ప్రదక్షిణలు తానే చేశాడు. తరువాత ఇద్దరూ కలిసి ఆవలి ఒడ్డున ఉన్న వైద్యుని ఆశ్రయించారు. ఇది పాపం కాదనీ, దేహానికి వచ్చే చిక్కేననీ, భయం, తొందర దానిని పెంచుతాయనీ ఆయన చెప్పాడు. మందిచ్చి, ఇంట్లో ఎవరూ బిడ్డల ఊసెత్తరాదని కట్టడి చేశాడు. గుణం వెంటనే కనిపించలేదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. అయినా ఆ దంపతులు ఒకరికొకరు దాచుకోలేదు. కొంతకాలానికి వారికి ఆడబిడ్డ పుట్టింది.

నాటినుండి ఇక్కడ సంతానం కోరేవారిలో నోము భర్తదే. ముందుగా అతడు తన మనసులోని మాటను భార్యకు చెప్పుకోవాలి. అప్పుడు వారిద్దరినే వదిలి అర్చకులు సైతం గట్టు దిగిపోతారు. ఆ తరువాత తడిబట్టలతో ప్రదక్షిణ చేయాలి. భార్య నీడన కూర్చుంటుంది. వైద్యుని వద్దకు కూడా ఇద్దరూ కలిసే వెళ్ళవలెనని ఆలయంవారి మనవి. అట్టివారి కాపురాన్ని తల్లి చల్లగా చూస్తుందని నమ్మకం.

నేటికీ చాలామంది భర్తలు మెట్ల దగ్గర తడబడి, "చేయాల్సింది ఆమె కదా స్వామీ?" అని అడుగుతారు.

"మీరే నాయనా" అని చెప్పి, అర్చకులు వారిని నదివైపు పంపుతారు.