పాలపన్ను ఏ ఇంటి కప్పు మీద

తాయారమ్మ గారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని చెబుతారు. ముప్ఫై ఏళ్లుగా కుటుంబ కోర్టులో నల్లకోటు వేసుకుంటున్న మనిషి. మాటలన్నీ జడ్జి గారి ముందే ఖర్చుపెట్టేసి, జూనియర్ల దగ్గరికి ఒట్టి చేతులతో వస్తారని అందరూ నవ్వుకునేవాళ్లు. ఆవిడ దగ్గర చేరిన ఆరో నెలలో హిమజ అడిగిన ప్రశ్నకూ అదే గతి పట్టింది.

ఆ ప్రశ్న నాగసుధ కేసు గురించి. నాగసుధ భర్త వీరభద్రం ఒకరోజు స్టీలు గ్లాసు విసిరి కొడితే ఆమె కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. అదే మొదటిసారీ కాదు. ఆమె ఆరేళ్ల కూతురు మోక్షితను తీసుకుని వేరే ఇంటికి వెళ్లిపోయింది, విడాకులకు కేసు వేసింది. ఆమె ఉన్న వీధిలోకి అతను రాకూడదనీ, ఆమెతో మాట్లాడకూడదనీ కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలంది. అంతవరకు హిమజకు బాగానే ఉంది. కానీ ప్రతి శనివారం గంటసేపు, కోర్టులోని పిల్లల గదిలో, తండ్రి పిల్లను చూసుకోవచ్చని కూడా అదే కోర్టు అంది.

"ఒక కాగితంలో దగ్గరికి రావద్దన్నారు, ఇంకో కాగితంలో రమ్మన్నారు. భార్యను కొట్టినవాడు పిల్లకు మంచివాడెలా అవుతాడు మేడం? ఆ గంట కూడా రద్దు చేయమని పిటిషన్ రాశాను. శనివారం నాగసుధ గారు సంతకం పెడతానన్నారు," అంటూ హిమజ కాగితాలు బల్ల మీద పెట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే వయసు ఆమెది. అయినా ఆమె కోపంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ కుట్ల ఫొటోలు ఫైల్లో అంటించింది తనే.

తాయారమ్మ గారు పిటిషన్ చివరిదాకా చదివారు. ఒక అచ్చుతప్పు దిద్దారు. సొరుగులోంచి సుద్దముక్క తీసి హిమజ చేతిలో పెట్టారు.

"శనివారం గీత నువ్వు గీయి," అన్నారు.

ఆ గీత ఆవిడ పెట్టిన పద్ధతే. పిల్లల గదికి రెండు తలుపులు. ఒక తలుపులోంచి తల్లి వస్తుంది, ఇంకో తలుపులోంచి తండ్రి వస్తాడు. మధ్యన నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సుద్దగీత. పిల్ల తప్ప ఎవరూ దాన్ని దాటకూడదు. గది తుడిచేవాళ్లు చెరిపేస్తారు కనక ప్రతి శనివారం మళ్లీ గీయాలి. మొదటి వారం వీరభద్రం "ఒక్క మాట" అంటూ దాని మీద కాలు పెట్టాడు. తాయారమ్మ గారు ఆ రోజు గంటను అక్కడితో ఆపించి, సంగతి జడ్జి గారికి రాసిచ్చారు. ఆ తరవాత అతను గీత ఛాయలకు రాలేదు.

శనివారం హిమజ ఇష్టంలేని ముగ్గు వేసినట్టు ఒక సన్నగీత లాగి వదిలేసింది. నాగసుధ తన తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఒళ్లో సంతకం పెట్టాల్సిన పిటిషన్, చేతిలో కలం. తాయారమ్మ గారు మూల బెంచీ మీద కూర్చున్నారు. అవతల మోక్షిత తండ్రితో కలిసి బొమ్మ లారీని తోస్తూ, ఊగుతున్న ముందు పన్నును నాలుకతో నెడుతోంది. ఇంకా పది నిమిషాలున్నాయనగా ఆ పన్ను కాస్తా ఊడి అరచేతిలో పడింది.

పిల్ల ఏడవలేదు. తండ్రి చేతిరుమాలుతో ఆమె మూతి తుడిచి, పన్నును అందులోనే మూట కట్టాడు.

"దీన్ని పేడలో పెట్టి ఇంటి కప్పు మీద వెయ్యాలంట నాన్నా. అప్పుడే కొత్త పన్ను వస్తుందంట. మనింటి మీదే వెయ్యాలని నానమ్మ ఎప్పుడో చెప్పింది," అంది మోక్షిత. కాసేపాగి అడిగింది: "ఏ ఇంటి మీద?"

ఆ కోర్టులో ఇంత కష్టమైన ప్రశ్న హిమజ వినలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాగసుధ తలెత్తి చూసింది. కలం మూత తీసే ఉంది. వీరభద్రం ఆ మూట ముడిని ఇంకాస్త బిగించాడు.

"నువ్వు పడుకునే ఇంటి మీద," అన్నాడు.

గంట అయింది. బోసి చిగురు చూపించడానికి మోక్షిత తల్లి దగ్గరికి పరుగెత్తింది. మూట తండ్రి చేతిలోనే ఉండిపోయింది. అది చూసుకుని అతను గబుక్కున లేచి నాలుగు పెద్ద అంగలు వేశాడు. నాగసుధ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. చెయ్యి దానంతటదే కనుబొమ మీదికి పోయింది. హిమజ లేచి నిలబడింది.

అతను ఆగాడు. బొటనవేలు సుద్దకు బెత్తెడు దూరంలో ఉంది. నోరు తెరిచాడు, మాట్లాడకూడదని గుర్తొచ్చి మూసుకున్నాడు. వంగి మూటను గీత మీద పెట్టాడు. అలాగే వెనక్కి నడిచి అవతలి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

నాగసుధ కూతురిని పంపకుండా తనే లేచింది. అతను గోడ దగ్గరే ఉన్నాడా అని రెండుసార్లు చూసుకుంటూ వెళ్లి మూట తీసుకుంది. తిరిగొచ్చి పిటిషన్ హిమజకు ఇచ్చేసింది.

"ఇది మీ దగ్గరే ఉంచండమ్మా, ఇప్పుడు వెయ్యొద్దు. విడాకుల కేసు మాత్రం ఆపొద్దు," అంది.

వరండాలోకి వచ్చాక హిమజ కళ్లు తుడుచుకుంది. వారం కిందట ఆ తండ్రి పిల్ల కంటపడకూడదని రాసిన చేయే అది. ఇప్పుడు జాలి పొంగుకొచ్చింది.

"మేడం, మనిషి మారినట్టున్నాడు. ఇక ఆ గీత అక్కర్లేదేమో. ఇద్దర్నీ ఒకసారి ఎదురెదురుగా కూర్చోబెడితే..."

తాయారమ్మ గారు ఆమె అరచేతిలో మిగిలిన సుద్దముక్కను చూశారు. ఆమె వేళ్లను దాని మీదికి మడిచి గుప్పిట మూశారు.

"గీత ఉండబట్టే అమ్మాయ్, ఆ పన్ను ఇల్లు చేరుతోంది. వచ్చే శనివారం కాస్త గట్టిగా గీయి," అన్నారు.