పోలి అడిగిన పాత రాయి

కోట వంటశాలలో కత్తులకు సాన పట్టేది పోలి. ఆమె వాడే గరుకు నల్లరాయి రాజుగారి వంటింటికి తగదని అధికారి భుజంగయ్య దాన్ని పెరట్లోకి విసిరేయించి, అద్దంలా మెరిసే రాయి ఒకటి తెచ్చిపెట్టాడు.

ఆ వారమే విందులో, అతిథుల ముందు పనసపండు కోయబోతే కత్తి దిగలేదు. రాజుగారికి తల కొట్టేసినట్టయింది.

"రాయి మేలైనదే ప్రభూ, ఈ పోలి చేతిలోనే పనితనం లేదు" అన్నాడు భుజంగయ్య.

"అయితే ఆ చేతిని ఆ కత్తితోనే నరకండి!"

పోలి చేతులు జోడించింది. "చిత్తం మహారాజా. కానీ పనసపండులోకే దిగని కత్తి నా చేతిలోకేం దిగుతుంది? నా పాత రాయి ఇప్పించండి. నేనే పదును పెట్టి ఇస్తాను, ఒక్క వేటుకు పోతుంది."

రాయి తెచ్చారు. నూరుతున్నంతసేపూ ఆమె చూపు తన మణికట్టు మీదే ఉంది. నూరాక భటుడు పనసపండు మీద వేటు వేస్తే రెండు చెక్కలైంది.

అదే కత్తి, అదే చెయ్యి. రాజు చూపు మెల్లగా భుజంగయ్య చేతి మీదికి మళ్లింది.

"ఆ కత్తి ఇలా తే" అన్నాడు.

భుజంగయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. పోలి గబుక్కున కత్తి అందుకుని, మెరిసే రాయికేసి అంచు మొద్దుబారేదాకా గీకి రాజు చేతికిచ్చింది.

"వారి చేతికి వారి రాయి మీద నూరిన కత్తే న్యాయం కదా మహారాజా!"