ఘాట్ రోడ్డు మలుపులో

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు కామేశ్వరమ్మగారికి లేదు. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యాక, నర్సీపట్నంలో ఒక కల్యాణమండపం మేడ మీద రోజూ తెల్లవారుజామున యోగా నేర్పేవారు. ఒకనాడు క్లాసు అయిపోయాక బస్సు డ్రైవరు చిన్నంనాయుడు చాప చుట్టి చంకలో పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఎనిమిది నెలలైంది. వంగితే వేళ్ళు మోకాళ్ళు దాటవు. నాకిది రాదంటే చెప్పెయ్యండి, మానేస్తాను."

అతన్ని క్లాసులో చేర్పించింది భార్య. అంతకుముందు దారికి అడ్డొచ్చిన ఒక ఆటోవాణ్ణి కొట్టి, అతను మూడు నెలలు సస్పెండయ్యాడు. ఆ కోపం తగ్గుతుందని ఆమె ఆశ. కామేశ్వరమ్మగారు అతని మాట విని, మర్నాడు చింతపల్లిలో చెల్లెల్ని చూడాలని, అతని బస్సులోనే వస్తానని మాత్రం అన్నారు.

మర్నాడు ఘాట్‌లో మంచు దట్టంగా ఉంది. నాలుగో మలుపు తిరుగుతుండగా సంతకు పోయే జీపొకటి పైనుంచి బస్సు వైపుకు దూసుకొచ్చింది. చిన్నంనాయుడు బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. జీపు జారి అడ్డం తిరిగి, వెనక చక్రం లోయ అంచున ఆగింది. లోపల పదకొండు మంది. జీపు డ్రైవరు కాలు బ్రేకు మీద నుంచి కదిలితే వెనక్కి జారిపోవడమే. ఆ డ్రైవరు స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయాడు. ఎవరేం చెప్పినా అతనికి వినపడడం లేదు.

బస్సులో వాళ్ళు లేచి కేకలు మొదలుపెట్టారు. వాణ్ణి కిందకి లాగి తన్నమన్నారు కొందరు. చిన్నంనాయుడు దిగాడు. అరవొద్దని చెయ్యెత్తి వారించాడు. జీపు ముందు చక్రాల వెనక రాళ్ళు పెట్టమని కండక్టరుకు సైగ చేసి, నెమ్మదిగా నడిచి వెళ్ళి, స్టీరింగు పట్టుకున్న ఆ చేతుల మీద తన చెయ్యి వేశాడు.

"నా మొహం చూడన్నా. ఊపిరి వదులు. ఇంకా. మొత్తం వదిలెయ్యి. ఇప్పుడు తీసుకో."

నాలుగుసార్లు ఇద్దరూ కలిసి ఊపిరి తీసుకున్నారు, వదిలారు. ఆ మనిషి కళ్ళలోకి చూపు తిరిగొచ్చింది. రాళ్ళు బిగుసుకున్నాక, కాలు కదపకుండా ఉండమని అతనికి చెబుతూ చిన్నంనాయుడు ఒక్కొక్కరినే దింపించాడు. ముందు చంటిపిల్ల తల్లి, తరవాత ముసలివాళ్ళు. చివరికి హ్యాండుబ్రేకు లాగించి డ్రైవర్ని కూడా దింపాడు. అతను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. బస్సులో వాళ్ళంతా దిగి తాడు కట్టి జీపును లాగారు. అది పూర్తిగా రోడ్డు మీదికి వచ్చేసరికి చప్పట్లు, ఈలలు లోయలో మోగిపోయాయి. ఎవరో చిన్నంనాయుణ్ణి భుజాల మీదికి ఎత్తబోయారు.

అతను విడిపించుకుని బస్సెక్కి, కామేశ్వరమ్మగారి సీటు దగ్గరికి పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మాట తడబడుతోంది.

"అమ్మా, నాకు కోపం రాలేదు. వస్తుందని చూశాను, రాలేదు. ఎక్కడికి పోయిందమ్మా అది?"

ఆమె బస్సు ముందు అద్దంలోంచి పైకి, మంచులోకి పోతున్న రోడ్డును చూశారు.

"ఇంకా చాలా మలుపులున్నాయి నాయుడూ. బండి తియ్యి."