వరదాచారి దాచిన వెల్లుల్లి

నాయనలారా, గోదావరి ఒడ్డున ఓ చిన్న పట్నంలో, కోదండరాముడి గుడి వంటశాలలో వరదాచారి అనే వంటస్వామి ఉండేవాడు. ఆయన పులిహోర ఎంత కమ్మగా ఉండేదో, ఆయన చెప్పుకునే మడి గొప్పలు అంత ఘాటుగా ఉండేవి.

"వెల్లుల్లి తిన్న నోటితో స్వామివారి కూరలు తరుగుతావా? లేచి బయట అరుగు మీద కూర్చో" అని వంటశాలలో కూరలు తరిగే వకుళమ్మను ఓసారి పదిమందిలో లేపేశాడు. ఆవిడ కత్తిపీట తీసుకుని అరుగు మీదికి వెళ్ళింది.

ఆ ఏడు చలికాలంలో ఆచారికి కాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. గుడి మెట్లెక్కితే పిక్కలు పట్టేసేవి. రోజూ పరగడుపున నాలుగు వెల్లుల్లి రెబ్బలు నలిపి మింగితే నెత్తురు పలచబడుతుందని ఎవరో చెప్పారు. ఆయన మింగాడు. తలుపు గడియ పెట్టుకుని, మజ్జిగతో మింగాడు. కాళ్ళు తేలికపడ్డాయి. మందుగా తింటే పెద్దలూ కాదనరు. రాముడు అసలే కాదనడు. కానీ ఆ మాట పైకి చెప్పడానికి ఆచారికి నోరు రాలేదు.

ఇంతలో దవడ పన్ను పుచ్చి, బుగ్గ బూరెలా పొంగింది. ఆయనకు నా అన్నవాళ్ళు లేరు. పళ్ళ ఆసుపత్రికి తోడు వకుళమ్మే వెళ్ళింది.

"నెత్తురు పలచబడే మందులేమైనా వాడుతున్నారా? వెల్లుల్లి లాంటివి?" అని అడిగింది పళ్ళ డాక్టరమ్మ.

ఆచారి గుమ్మం బయట బల్ల మీద కూర్చున్న వకుళమ్మ వైపు ఓరగా చూశాడు.

"రామ రామ. దాని పేరే ఎత్తనమ్మా" అన్నాడు.

పన్ను ఊడింది. నెత్తురు ఆగలేదు. దూది మీద దూది మార్చారు. గంట గడిచింది. ఆచారి ముఖం పాలిపోయింది, చేతులు చల్లబడ్డాయి.

"ఎందుకు ఆగట్లేదో తెలియడం లేదు. పెద్దాసుపత్రికి పంపాల్సిందే" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులోనూ బెరుకు వినిపించింది.

ఆచారి కళ్ళు మూసుకున్నాడు. రాముడు కనిపించాడో, ఒట్టి భయమే కనిపించిందో మరి, నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాడు.

"నాలుగు రెబ్బలు... రోజూ... రెండు నెలలుగా" అన్నాడు నోట్లో దూదితోనే.

"అయ్యో, ముందే చెబితే కొన్నాళ్ళు మానిపించి పీకేదాన్ని కదండీ. నలిపిన వెల్లుల్లిలో పుట్టే పదార్థం రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, నెత్తుర్ని తొందరగా గడ్డకట్టనివ్వదు. మీ కాళ్ళకు మేలు చేసిందీ అదే, ఇప్పుడు గాయాన్ని మూసుకోనివ్వనిదీ అదే" అంటూ డాక్టరమ్మ మందు కూరి, గట్టిగా కుట్లు వేసింది. కాసేపటికి నెత్తురు ఆగింది.

బయటికి వస్తూ ఆచారి తల దించుకున్నాడు. "వకుళమ్మా, నిన్ను పదిమందిలో చిన్నబుచ్చాను."

"పొద్దున్నే మీరు గుప్పెడు ఏలకులు ఎందుకు నములుతున్నారో మాకు తెలీదనుకున్నారా స్వామీ? కాళ్ళు బాగుపడుతున్నాయి కదా అని ఊరుకున్నాం. డాక్టరమ్మ అడిగింది బయటున్న నాకు వినపడలేదు గానీ, వినుంటే అప్పుడే చెప్పేసేదాన్ని. ఇక మాట్లాడకండి, కుట్లు తెగుతాయి" అంది వకుళమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ.

విన్నారుగా నాయనలారా, పరువు కోసం వైద్యుడి దగ్గర నిజం దాచినవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.