తడిచేతుల తల్లి చీర విడిచిన వైనం

రేవుపాలెం ఆసుపత్రి ఆవరణలో, ఆపరేషన్ల వార్డు గుమ్మానికి ఎదురుగా తడిచేతుల తల్లి కొలువై ఉంది. ఈ అమ్మవారికి చీర కట్టరు. పట్టుచీర తెచ్చి, పూజారి చేత చీవాట్లు తిని వెనక్కి పట్టుకుపోయే భక్తులు నేటికీ ఉన్నారు. ఇదేం విడ్డూరమని నోళ్లు నొక్కుకునేవారు ముందుగా ఈ వృత్తాంతం వినాలి.

పూర్వం ఇక్కడ అమ్మవారికి మెడ నుంచి పాదాల దాకా చీర కప్పి ఉండేది. వార్డులోకి వెళ్లేవారు సబ్బుతో చేతులు కడుక్కొని, అమ్మవారి కొంగుకు తుడుచుకొని, కళ్లకద్దుకొని లోపలికి పోయేవారు. ఈ ఆచారం పెట్టింది పెద్ద నర్సు మైలపల్లి పైడమ్మ. కొంగు తాకనివారిని ఆమె గడప దాటనిచ్చేది కాదు.

ఒక ఏడాది వార్డులో రోగుల కుట్లు చీము పట్టసాగాయి. మందులెన్ని మార్చినా పుండ్లు మానలేదు. చివరకు కడుపు ఆపరేషను చేయించుకున్న పైడమ్మ కూతురు ఈశ్వరికే జ్వరం తగిలింది. పైడమ్మ గుండెల్లో రాయి పడింది. ఈ పీడ బయటివాళ్లు తెచ్చిందేనని మండిపడి, చేపల బుట్టలతో వచ్చే సొంత చుట్టాలను సైతం గేటు దగ్గరే ఆపించింది. తాను మాత్రం గంటగంటకూ కొంగు తాకి వచ్చి కూతురి కట్టు మార్చేది.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన కునుకు పట్టగా అమ్మవారు కలలో కనిపించింది.

"ఎవుల్ని తరుముతన్నావే పైడీ? చీము పుట్టించే ఈ పురుగులు నీకంటే, నీ ఊరికంటే పాతవి. సంద్రంలో జీవాలు మొదట గట్టెక్కినప్పుడు వాటి పేగుల్లో కూకుని ఇవీ ఎక్కినాయి. పేగుల్లోంచి ఇసకలో పడి, తడి లేక, తిండి లేక ఎండినాయి. సచ్చినవి సచ్చినాయి, ఓర్సుకున్నవి పిల్లల్ని పెట్టినాయి. కోట్ల ఏళ్లు అదే సదువు. నీ మందులు వాటికో లెక్కా?"

"మరిప్పుడు ఎక్కడున్నాయమ్మా?"

"అందరి పొట్టల్లోనూ ఉన్నాయి, నీ పొట్టలోనూ ఉన్నాయి. అక్కడుంటే పేచీ లేదు. ఇప్పుడు నా కొంగులో ఉన్నాయి."

పైడమ్మ దిగ్గున లేచింది. కొంగు చివర కత్తిరించి పరీక్షకు ఇచ్చింది. ఫలితం చూసిన డాక్టర్ రామభద్రంగారు పైడమ్మను పిలిపించారు.

"ఈశ్వరి పుండులోవీ, ఈ గుడ్డలోవీ ఒకటేనమ్మా. సబ్బుతో కడిగిన చేతులకు మళ్లీ మనమే అంటిస్తున్నాం."

ఎండితే శుభ్రమనుకున్న గుడ్డే ఇంత పని చేసిందని విని ఆసుపత్రి అంతా కొయ్యబారిపోయింది. పైడమ్మ ఎవరినీ అడగలేదు. నేరుగా వెళ్లి తన చేతులతోనే చీర విప్పి నిప్పుల్లో వేసింది. పూజారి చెంపలు వేసుకుంటూ తలెత్తి చూసి చేతులు జోడించాడు. చీర కింద అమ్మవారి రెండు చేతులూ రొమ్ము దాకా పైకెత్తి ఉన్నాయి. ఇప్పుడే కడుక్కొని, దేనికీ తుడవకుండా, గాలికి ఆరబెట్టుకుంటున్న చేతులవి. తరతరాలుగా ఆ చేతులను చీరతో కప్పింది భక్తులే.

ఈశ్వరి దక్కలేదు. ఆమె తరువాత ఆ వార్డులో ఎవరి కుట్లూ అలా చీము పట్టలేదు.

నేటికీ రోగిని చూడవచ్చినవారు చేతులు కడుక్కొని, అమ్మవారి వలెనే పైకెత్తి ఆరేవరకు నిలుచుంటారు. అలా నిలిచినవారి మనిషి తన కాళ్లతో ఇల్లు చేరతాడని భక్తుల విశ్వాసం. చేతులు ఆరేదాకా వేరే మంత్రమేదీ లేదు, ఈశ్వరి పేరే తలుచుకుంటారు.